లోపల విమానం ఉంది

ఆ రోజుల్లో ఫోన్లు చెవికి పనికొచ్చేవే గాని కంటికి పనికొచ్చేవి కావు. ఇప్పుడైతే అక్షరం ముక్క రాని మనిషి కూడా కాగితాన్ని ఫోటో తీసి ఎవరికైనా పంపి, అందులో ఏముందో నిమిషంలో తెలుసుకోవచ్చు. నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు ఈ సౌకర్యం ఉండి ఉంటే నేను ఇప్పటికీ చదువు నేర్చుకుని ఉండేదాన్ని కాదు, చెప్పబోయే ఈ సంగతీ జరిగి ఉండేది కాదు. నేను అక్షరాలు దిద్దింది నలభై ఏడో ఏట, అమెరికాలోని ఎడిసన్‌లో, ఆదివారం ఉదయాలు గుడి బేస్‌మెంట్‌లో పిల్లలకు తెలుగు నేర్పే క్లాసులో. నా పక్కన కూర్చున్న ఆరేళ్ల పిల్లకు అక్షరాలన్నీ వచ్చు, మాటలు రావు. నాకు మాటలన్నీ వచ్చు, అక్షరాలు రావు. ఇద్దరం ఒకరి పలక మీదికి ఒకరం తొంగి చూసుకుంటూ మొత్తానికి పాసయ్యాం. (తర్వాత లైబ్రరీలో ఇంగ్లీషు క్లాసుకు కూడా వెళ్లాను. అక్కడ నాకు రెండూ రావు కాబట్టి ఎవరి సాయమూ లేకుండానే ఆలస్యంగా పాసయ్యాను.) ఇప్పుడు నా చేత్తో నేనే రాస్తున్నాను గనక, చదువు రాని రోజుల్లో ఎన్ని తెలివితేటలు వాడేదాన్నో తలుచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. అన్ని తెలివితేటలు ఇప్పుడు లేవు.

మా ఆయన ఎడిసన్‌లో ఒక హోటల్లో వంటమాస్టరు. వచ్చిన ఏడాదికి నేను కూడా ఏదైనా చేస్తానంటే, ఆయనే అడిగి అడిగి నన్ను ఒక ఇంట్లో పనికి కుదిర్చారు. రిటైరైన సర్జన్ గారు, ఆయన భార్య. ఇద్దరే ఉండే పెద్ద ఇల్లు. మొదటిరోజు నేను ఆవిణ్ని "అమ్మగారూ" అంటే, "అమ్మగారేంటి, సినిమాలోలాగా! ఆంటీ అను" అంది. కాబట్టి ఆవిడ ఆంటీ. ఆయన్ను మాత్రం అంకుల్ అనడానికి నాకు నోరు రాలేదు. సార్ అనేదాన్ని. పని వంట, ఇల్లు సర్దడం, సార్‌కి వేళకు మందులివ్వడం. ఈ మూడోదాని దగ్గరే చిక్కొచ్చింది. నాకు ముందు పనిచేసినావిడ పడుకునే ముందు వేసుకోవలసిన మాత్ర పొద్దున కాఫీతో ఇచ్చేసిందట. సార్ సోఫాలో కూర్చున్నవారు కూర్చున్నట్టే సాయంత్రం దాకా నిద్రపోయారట. ఆవిడకు సీసా మీద రాత చదవడం రాదని అప్పుడు తెలిసిందట. అందుకని ఆంటీ నన్ను అడిగిన మొదటి ప్రశ్నే అది.

"ఏమ్మా, చదువుకున్నావా? చదవడం రానివాళ్లను మాత్రం నేను పెట్టుకోను. ముందే చెప్తున్నా."

"ఏడు దాకా సదివిన ఆంటీ" అన్నాను.

ఏడు అనే అంకె ఎక్కణ్నించి వచ్చిందో నాకు తెలియదు. పది అంటే నమ్మరేమో, అయిదంటే చాలదేమో అనిపించి ఉంటుంది. నిజానికి నేను బడి గడప తొక్కలేదు. హైదరాబాద్ పాతబస్తీలో మా అమ్మమ్మ లక్క గాజులు చేసేది. నాకు ఏడేళ్లు వచ్చేసరికి (అంకె ఇక్కణ్నించే వచ్చిందేమో) ఆమె పక్కన కూర్చుని బొగ్గుల కుంపటి మీద లక్కను మెత్తబెట్టి గాజుగా వంచడం మొదలుపెట్టాను. అంకెలు మాత్రం బాగా వచ్చు. గాజుల సైజులు, బస్సు నంబర్లు, ఫోన్ నంబర్లు, ఒకసారి చూస్తే మరిచిపోను. మందుల విషయంలో నేనొక పద్ధతి పెట్టుకున్నాను. సీసాలన్నీ ఒకే నారింజ రంగు, ఒకే తెల్ల మూత. పైన ఏం రాసుంటే నాకేం? మూత తీసి లోపలి మాత్రను చూసేదాన్ని. మాత్ర మాత్రం ఎవరి మొహం వాళ్లకున్నట్టు ఉంటుంది.

ఆంటీకి చీటీలు రాసే అలవాటు లేకపోతే నా జీవితం హాయిగా సాగిపోయేది. ఆవిడ బయటికి వెళ్తూ పసుపుపచ్చ చీటీల మీద తెలుగులో రాసి ఇల్లంతా అంటించేది. ఫ్రిజ్ మీద ఒకటి, పొయ్యి పక్కన ఒకటి. నేను గరాజ్ తలుపు నంబరు కొట్టి లోపలికి రాగానే అవన్నీ నన్నే చూస్తూ ఉండేవి. అప్పుడు హోటల్‌కి ఫోన్ చేసి, చీటీలో ఉన్న ఒక్కో అక్షరం ఎలా ఉందో మా ఆయనకు చెప్పేదాన్ని. ఆయన పెనం ముందు నిలబడి, భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, అది ఏ అక్షరమో కనిపెట్టేవారు.

"ఇగో, మొదటిది నోరు తెరిచిన గిన్నె లెక్క ఉంది. మీద టిక్కు."

"గిన్నె కడుపుల ఏమన్న ఉందా?"

"ఏం లేదు. ఖాళీ."

"అయితే ప. తర్వాత? జల్దీ చెప్పు, దోశ మాడుతుంది."

అలా ఒక మధ్యాహ్నమంతా కష్టపడితే 'పప్పు నానబెట్టు' అని తేలేది. అప్పటికే నానబెట్టి ఉండేదాన్ని.

ఆ ఏడు చలికాలం పోతుండగా సార్‌కి పోస్టులో ఒక డబ్బా వచ్చింది. విమానం బొమ్మ డబ్బా. బొమ్మంటే పిల్లలాడుకునేది కాదు. ముక్కలు ముక్కలుగా వస్తే పెద్దవాళ్లు కూర్చుని కోసి, అరగదీసి, అతికించి, రంగులు వేసి గాజు పెట్టెలో పెట్టుకునేది. ఆయనకు అక్కడొక క్లబ్బు ఉండేది. ఏటా వసంతకాలంలో ఒక హాలు తీసుకుని అందరూ తాము కట్టిన విమానాలు బల్లల మీద పెడతారు. ఆ క్లబ్బులో ఇంకొక తెలుగాయన ఉన్నారు, పార్సిప్పనీలో ఉండే రిటైరైన ఇంజనీరు గారు. ఆయన ప్లాస్టిక్ విమానాలు కడతారు, ఏటా బహుమతి తెచ్చుకుంటారు. సార్‌కి అది గొంతులో ముల్లులా ఉండేది. "ప్లాస్టిక్‌ది ఎవడైనా కడతాడు. ముక్కలు వాటంతటవే పట్టేస్తాయి. ఇది రెజిన్. దీనికి చెయ్యి కావాలి, చెయ్యి!" అని తన చెయ్యి ఎత్తి చూపించారు. ఆ చెయ్యి కొంచెం వణుకుతూ ఉంది. ఆంటీ అది చూసి చూడనట్టు కూర తరుగుతూ కూర్చుంది.

డబ్బాలో అరవై రెండు ముక్కలు, పాలకోవా రంగులో ఉన్నాయి. నీళ్ల మీద దిగే పాతకాలపు విమానమట అది. కింద పడవ, పైన విమానం. ఒక్కో ముక్కకూ పోతపోసిన దిమ్మ ఒకటి అతుక్కుని ఉంది. దాన్ని సన్నటి రంపంతో కోసేయాలి. సార్ డైనింగ్ టేబుల్ మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి, మూతికి మాస్కు కట్టుకుని, దీపం కిందికి లాక్కుని నన్ను కేకేశారు.

"సిస్టర్! ఇలా రా. నా కుడి పక్కన నిలబడు. నేను అడిగింది అడిగినట్టు చేతిలో పెట్టాలి. రంపం."

పెట్టాను.

"పట్టుకారు."

పెట్టాను.

"నంబర్ పద్నాలుగు."

ముక్కల నంబర్లు డబ్బాతో వచ్చిన కాగితంలో బొమ్మ పక్కన వేసి ఉన్నాయి. అంకెలే గదా! నేను వెతుక్కోకుండా తీసి ఇస్తుంటే సార్ మురిసిపోయారు. ఆయన ఆపరేషన్ థియేటర్లో అంత చురుకైన సిస్టర్ ఎప్పుడూ దొరకలేదట. చిక్కొచ్చిపడినప్పుడు కాగితం నా వైపు తోసి, "ఇక్కడేం రాశాడో చూడు" అన్నారు. నా ప్రాణం జారిపోయింది. "ఇంగ్లీష్ రాదు సార్" అన్నాను. "ఇంగ్లీషెక్కడిది, ఇదేదో యూరప్ భాష. నాకూ ఒక్క ముక్క రాదు" అన్నారాయన విసుగ్గా. ఆ ఇంట్లో అన్ని కాగితాల్లోకీ నాకు ఇష్టమైనది అదే. ఎంతో చదివిన సర్జన్ గారికీ నాకూ సరిసమానంగా అర్థంకాని కాగితం! ఇద్దరం బొమ్మ మీద వేళ్లు పెట్టుకుని, తలలు గోక్కుంటూ, ఏది దేనిలో దూరుతుందో వాదించుకునేవాళ్లం. వాదనలో చాలాసార్లు నేనే గెలిచేదాన్ని. ఆయన చదువుకున్నవారు గనక బొమ్మను సరిగ్గా చూసేవారు కాదు.

ఇక్కడ ఆ ఇంటి డిష్‌వాషర్ గురించి చెప్పాలి. అమెరికాలో తెలుగువాళ్ల ఇళ్లలో ఆ యంత్రం ఎందుకుంటుందో మీకు తెలుసు కదా. చేత్తో కడిగిన గిన్నెలు ఆరబెట్టుకోవడానికి. ఆంటీ ఆ ఇల్లు కొన్నప్పటి నుంచి దాన్ని నడిపింది లేదు. కింది అరలో స్టీలు గిన్నెలు, పై అరలో గ్లాసులు, జల్లెడలు. అయితే ఆ నెలలో కుళాయి బాగుచేయడానికి వచ్చినవాడు దాన్ని చూసి, అప్పుడప్పుడు నడపకపోతే లోపలి రబ్బరు ఎండిపోయి నీళ్లు కారతాయని భయపెట్టి వెళ్లాడు. మర్నాడు డిష్‌వాషర్ తలుపు మీద ఆంటీ పసుపు చీటీ కనిపించింది. మా ఆయనతో కలిసి ఇరవై నిమిషాలు శ్రమపడ్డాక 'ఇవాళ దీన్ని ఒకసారి నడుపు' అని బయటపడింది. నడిపాను. హోటల్లో మంచి గిరాకీ వేళ అది. "ఇంకోసారి లంచ్ టైంల ఫోన్ చేస్తే చూడు. సేఠ్ నా దిక్కే చూస్తుండు" అని మా ఆయన గట్టిగానే అన్నారు.

సరిగ్గా వారం తర్వాత, సార్, ఆంటీ పార్సిప్పనీలో ఇంజనీరు గారింటికి భోజనానికి వెళ్లారు. నేను వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. డిష్‌వాషర్ తలుపు మీద, అదే చోట, అదే పసుపు చీటీ ఉంది. అదే అనుకున్నాను. వారానికోసారి నడపాలి కాబోలు. చూస్తే అక్షరాలు కూడా చాలావరకు పోయినసారి లాంటివే. మా ఆయన మాటలు గుర్తున్నాయి గనక ఫోన్ చేయలేదు. తలుపు కొంచెం తెరిచి సబ్బుపొడి వేసి, మూసి, మీట నొక్కాను. పై అరలో వెనగ్గా పెద్ద జల్లెడ ఉన్న మాట నిజమే. ఆ జల్లెడ ఎప్పుడూ అక్కడే ఉంటుంది, చూస్తూనే ఉంటాను. దానిలో ఏముందో ఎవరు చూస్తారు?

గంట తర్వాత తెరిస్తే ఆవిరి మొహాన కొట్టింది. ఆవిరి తగ్గాక జల్లెడ లోంచి ఒక విమానం రెక్క తొంగి చూస్తోంది. తొంగి చూడటమంటే నిజంగానే. అది జల్లెడ అంచు మీదుగా వంగి కిందికి వేలాడుతోంది. రెండో రెక్క ఎండిన అరిటాకులా చుట్టుకుంది. ఆ ముక్కలకు అచ్చు తాలూకు నూనె ఉంటుందనీ, అది సబ్బునీళ్లతో కడిగితే గాని రంగు పట్టదనీ సార్ అంతకుముందు అన్నారు. పొద్దున కడిగి ఆరబెట్టి వెళ్లారన్నమాట. ఆ ఇంట్లో ఏదైనా ఆరబెట్టే చోటు అదే కదా! చిన్న ముక్కలు జల్లెడ దూకి ఎక్కడెక్కడో పడ్డాయి. గిన్నెలన్నీ తీసి, అడుగున జాలీలో చెయ్యి పెట్టి ఏరుకుంటూ లెక్కపెట్టాను. అరవై రెండూ దొరికాయి. పడవ దుక్కలా ఉంది గనక దానికేం కాలేదు. తోక కూడా ఫరవాలేదు. రెక్కలే, సార్ పొద్దస్తమానం దీపం ముందు పెట్టి మురిసిపోయే ఆ పొడుగాటి పలచటి రెక్కలే పోయాయి.

అప్పుడు ఫోన్ చేశాను.

"లంచ్ టైంల చెయ్యద్దన్ననా లేదా?"

"ముందు ఇది సదువుండ్రి. మొదటి మాట పోయినసారిదే, 'దీన్ని'. తర్వాత న, డ, ప... ఇవి కూడా పోయినసారివే. ఆ తర్వాత రెండున్నయ్. ఆఖరు దాని కాళ్ల కింద ఇంకోటి యేలాడుతుంది."

పెనం చప్పుడు ఒక్క క్షణం ఆగింది. "నడపవద్దు" అన్నారు మా ఆయన.

"ఏంది?"

"దీన్ని నడపవద్దు అని ఉందే. కింద ఏమన్న ఉందా?"

ఉంది. ఒక్కో అక్షరం చెప్పాను. ఆయన కూడబలుక్కుని, మొత్తం ఒకసారి గట్టిగా చదివారు. "లోపల విమానం ఉంది." పక్కన తందూరీ పొయ్యి దగ్గరున్నతను "ఎక్కడ, ఎక్కడ?" అనడం వినిపించింది. ఇద్దరూ నవ్వడం కూడా వినిపించింది. నేను ఏడుపు మొదలుపెట్టేసరికి ఆయన నవ్వు ఆపారు.

"సదువు రాదని చెప్పెయ్యి. ఏమైతది?"

"చెప్తే పని పోతది."

"అయితే చెప్పకు."

"చెప్పకపోతే, చీటీ సదివి కూడ నడిపిందంటరు. పొగరనుకుంటరు. గప్పుడు కూడ పోతది."

ఆయన కొంచెంసేపు ఆలోచించి, "మరి నేను పెట్టేస్త, ఆర్డర్ ఉంది" అన్నారు.

ఫోన్ పెట్టేసి రెక్కల ముందు కూర్చున్నాను. చేత్తో పట్టుకుంటే ఒకటి ఇంకా వెచ్చగా ఉంది, మెత్తగా లొంగుతోంది. అప్పుడు నా చేతులకే గుర్తొచ్చింది, నాకు కాదు. ఇది లక్కే కదా! రంగు వేరు, వాసన వేరు, గుణం ఒకటే. వేడి వంచిన దాన్ని వేడే సరిచేస్తుంది. పెద్ద బేసిన్లో నీళ్లు కాచి రెక్కను ముంచాను. మెత్తబడగానే తీసి చపాతీ పీట మీద పరిచి, అరచేత్తో మధ్య నుంచి చివరకు నెమ్మదిగా నిమిరాను. తొందరపడకూడదు, చల్లారేదాకా వదలకూడదు. మా అమ్మమ్మ ఈ రెండు ముక్కలూ నా వేళ్ల మీద గరిటెతో కొట్టి నేర్పింది. మీద రెండో పీట బోర్లించి, దాని మీద ఇరవై పౌన్ల సోనా మసూరి బియ్యం బస్తా ఎక్కించాను. మొదటి రెక్క చక్కగా వచ్చింది. రెండోది బస్తా కింద ఉండగా గరాజ్ తలుపు లేచింది.

సార్ వంటింట్లోకి వచ్చి బియ్యం బస్తాను, పీటలను, నన్ను వరసగా చూశారు. బస్తా దించి, పీట తీసి, రెక్కను దీపం దగ్గర పెట్టి ఒక కన్ను మూసి చూశారు. చివర మాత్రం రవ్వంత పైకి లేచి ఉంది. మిగతాదంతా తిన్నగానే ఉంది. "ఎవరు నేర్పారు నీకిది?" అన్నారు. ఆయన గొంతులో కోపం ఉందో లేదో నాకు తెలియలేదు. ఈలోగా ఆంటీ తలుపు మీది చీటీ పీకి చేత్తో పట్టుకుని వచ్చింది.

"ఇంత పెద్ద అక్షరాలతో రాశానే! చదవలేదా?"

నేను బేసిన్లో నీళ్లు పారబోశాను.

"చదివి కూడా తిప్పావా?"

రెండిట్లో ఒకటి ఒప్పుకోవాలి. పొగరుబోతుదాన్ననిపించుకోవడం కన్నా ఉన్న మాటే నయమనిపించింది. "నాకు సదవరాదు ఆంటీ" అన్నాను.

ఆంటీ కుర్చీ లాక్కుని కూర్చుంది. చీటీ వైపు చూసింది. తర్వాత ఫ్రిజ్ మీది చీటీల వైపు చూసింది. ఉన్నట్టుండి లేచింది. "మందులు! ఎనిమిది నెలల నుంచి ఈయనకు మందులిస్తున్నావే!" అని ఆరు సీసాలూ తెచ్చి, మూతలు తీసి, ఒక్కో మాత్ర ఒకే పళ్లెంలో వేసింది. "చెప్పు."

"తెల్లగ, నడుమ గీత ఉన్నది పొద్దుగాల తినకముందు. గుమ్మడిగింజ లెక్క ఉన్నది తిన్నంక. ఈ గులాబీది దాంతోటే. ఈ రెండు ఒక్క తీరే ఉంటయ్ గని ఇది జర మందం, ఇది పగటీలి. అది సాయంత్రం. ఇగ ఇది పండుకునే ముంగట, గిదే ముందామె కాఫీతోని ఇచ్చింది."

ఆంటీ సీసాల మీద చదివి చూసుకుంది. రెండోసారి కూడా చదివి చూసుకుంది. "అన్నీ కరెక్టే. నాకే ఇన్ని తెలియవు" అన్నారు సార్. "మీకు తెలిస్తే మనిషిని పెట్టుకోవడం ఎందుకు?" అంది ఆంటీ. తర్వాత నా వైపు తిరిగింది. "చదువు రాకపోవడం తప్పు కాదమ్మా. నా ఇంట్లో నిలబడి ఏడు దాకా చదివానన్నావు చూడు, అది తప్పు."

"ఆపరేషన్ మధ్యలో సిస్టర్ని మార్చకూడదు" అన్నారు సార్, రెక్క మీంచి కళ్లు తిప్పకుండా.

ఆంటీ సీసాల మూతలు ఒక్కొక్కటే బిగించి, "సరే, ఆ విమానం అయ్యేదాకా ఉండు. ఆ తర్వాత చూద్దాం" అంది. మన ఇళ్లలో చూద్దాం అంటే ఏమిటో నాకు ఎవరూ చదివి చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత ఆ విమానం కట్టడం ఎంత నెమ్మదించిందంటే, క్లబ్బువాళ్ల తేదీ అనేది ఒకటి లేకపోతే నేను ఇప్పటికీ దాన్ని అరగదీస్తూ ఉండేదాన్ని. ఒకసారి గీకితే చాలే చోట మూడుసార్లు గీకాను. అతుకుల్లో పూసిన లప్పం ఎండలేదని రెండు రోజులు ఆపాను. విచిత్రమేమిటంటే సార్ కూడా తొందరపెట్టలేదు. బాగా ఉన్న తోకను కూడా "ఇంకోసారి చూద్దాం సిస్టర్" అంటూ పక్కన పెట్టేవారు. ఆయన ఎందుకు ఆలస్యం చేశారో నేను అడగలేదు. గోరంత ముక్కలు వచ్చేసరికి మాత్రం పట్టుకారు నా చేతికిచ్చి, ఆయన పక్కకు జరిగి కూర్చునేవారు. జిగురు చుక్క పెట్టిన రెండు క్షణాల్లో ముక్క చోటు చేరకపోతే ఇక కదలదు. ఆ రెండు క్షణాలకు వణకని చెయ్యి కావాలి. ఆంటీ గుమ్మంలో నిలబడి చూసి వెళ్లేది. ఒకరోజు ఉండబట్టలేక, "ఏవండీ, ఆ విమానాన్ని ఎగరేస్తారా, లేక ఊరబెడతారా?" అంది. చీటీలు అంటించడం మాత్రం మానేసింది. చెప్పవలసింది ఎదురుగా నిలబడి చెప్పేది. చీటీల్లో కన్నా ఎక్కువే చెప్పేది.

ఎంత ఈడ్చినా ఆ ఆదివారం రానే వచ్చింది. హాల్లో వరసగా బల్లలు, వాటి మీద నిండా విమానాలు. మా పడవ విమానాన్ని ఒడిలో పెట్టుకుని కారు వెనక సీట్లో కూర్చుని తెచ్చింది నేనే. దాన్ని బల్ల మీద దించుతుంటే, పని ఇక్కడితో అయిపోయిందని తెలిసింది. ఇంజనీరు గారు వచ్చి వంగి, కళ్లజోడు సర్దుకుని చూశారు.

"ఏం డాక్టర్, బాగుందోయ్. కానీ ఈ రెక్క చివర కొంచెం పైకి లేచినట్టు లేదూ?"

"లేచింది. నీళ్ల మీంచి లేచేటప్పుడు గాలికి అలాగే లేస్తుంది. నువ్వు బొమ్మల్లో చూసుంటావు, నేను లెక్కలో తీసుకున్నాను" అన్నారు సార్, కళ్లు ఆర్పకుండా.

"రెండో రెక్క లేవలేదేం మరి?"

"మలుపు తిరుగుతోంది."

ఇంజనీరు గారు ఇంకాసేపు చూసి, నమ్మారో లేదో గాని తలూపి వెళ్లిపోయారు. ఆ ఏడు బహుమతి కూడా ఆయనకే వచ్చింది. సార్ మొహం మాడ్చుకుని కాఫీ కోసం వెళ్తూ, "నీ పేరు కూడా వేయించాను, కార్డు మీద చూసుకో" అన్నారు నాతో. విమానం ముందు రెండు కార్డులున్నాయి. ఒకదాని మీద చిన్న అక్షరాలు, ఒకదాని మీద పెద్ద అక్షరాలు. సర్జన్ గారి పేరూ నా పేరూ అంటే పెద్ద అక్షరాలతోనే వేస్తారు కదా! ఆంటీ కెమెరా తీసి, "పక్కన నిలబడు, నీ పేరు చూపించు" అంది. నేను పైట సర్దుకుని పెద్ద అక్షరాల మీద వేలు పెట్టి నవ్వాను. కెమెరా వెనక ఆంటీ ఒక్క క్షణం ఆగింది. తర్వాత నొక్కింది.

తిరిగి వస్తుంటే కారులో విమానం మళ్లీ నా ఒళ్లోనే ఉంది. రేపటి నుంచి రావాలా వద్దా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇంటి మలుపు దగ్గర ఆంటీయే, ముందుకు చూస్తూ, ఎవరితోనో అన్నట్టు అంది. "ఇంకో డబ్బా తెప్పించానండీ. నాలుగు ఇంజన్లది. నూట పద్దెనిమిది ముక్కలట. అయ్యేసరికి ఏడాది పడుతుందేమో." సార్ కారు కొంచెం నెమ్మది చేశారు. నేను వెనక సీట్లో విమానాన్ని గట్టిగా పట్టుకోబోయి, విరుగుతుందని మళ్లీ వదులు చేశాను. ఆ ఇంట్లో పదకొండేళ్లు పనిచేశాను. ఎన్ని ముక్కలు అతికించానో లెక్క లేదు.

ఆంటీ ఇచ్చిన ఆ ఫోటో మా హాల్లో టీవీ పక్కన ఇరవై ఏళ్లకు పైగా ఉంది. ఇంటికొచ్చిన వాళ్లందరికీ చూపించాను, ఇదిగో నా పేరు అని. చదువు వచ్చినవాళ్లు కూడా తలూపి వెళ్లారు. (మర్యాదస్తులు.) లైబ్రరీ క్లాసులో చేరిన కొత్తలో నాకు కనిపించినవన్నీ చదివే పిచ్చి పట్టింది. పాల డబ్బాలు, బస్సుల వెనక ప్రకటనలు, ఏవీ వదిలేదాన్ని కాదు. అలా ఒకరోజు దుమ్ము తుడుస్తూ ఆ ఫోటోలో పెద్ద అక్షరాలు చదివాను. దయచేసి ముట్టుకోవద్దు అని ఉంది. దాని మీదే నా వేలు ఉంది, బాగా నొక్కి పెట్టి ఉంది. మా పేర్లున్న చిన్న కార్డు పక్కనే ఉంది, సగం రెక్క కింద దాక్కుని.

ఆంటీకి ఫోన్ చేశాను. ఆవిడకిప్పుడు ఎనభై దాటాయి.

"ఆంటీ, ఆ ఫోటోలో నేను చూపించింది నా పేరు కాదు."

"తెలుసు."

"మరి అప్పుడే చెప్పొద్దా?"

"అంత ధీమాగా పెట్టావే, ఎలా చెప్పమంటావు?" అంది.

ఫోటోను తీసేద్దామా అనుకుని, తీయలేదు. ఫోటోలోని ఆ పిల్లను చూస్తే నాకు కొంచెం సిగ్గుగానూ ఉంటుంది, చాలా ఇష్టంగానూ ఉంటుంది. ముట్టుకోవద్దన్న మాట మీదే వేలు పెట్టి లోకమంతా తనదన్నట్టు నవ్వుతోంది. అక్కడేముందో చదివి చెప్పడం ఇప్పుడు నాకు వచ్చు. కానీ ఆ మొహం చూసినప్పుడల్లా, ఇంకాసేపు ఆగి చెబుదాంలే అనిపిస్తుంది.